మనది కాని రంగంలో రీసెర్చ్ పేపర్ చదవడం ఎలా?

ఫలానా ఆకు రసం క్యాన్సర్ కణాలను చంపేస్తుందని సైంటిస్టులు తేల్చారంటూ ఫ్యామిలీ గ్రూపులో ఒక వార్త వస్తుంది. ఆఫీసులో హెచ్‌ఆర్ వాళ్లు ఒక మెయిల్ పెడతారు, ఇంటి నుంచి పని చేస్తే ఉత్పాదకత తగ్గుతుందని పరిశోధనలో రుజువైంది కాబట్టి వచ్చే నెల నుంచి అందరూ ఆఫీసుకి రావాలని. మరోచోట, కంప్యూటర్‌లో అణువులను కదిలించి కొత్త మందు కనిపెట్టేశారని ఒక వీడియో. ఈ మూడింటి వెనకా ఎక్కడో ఒక పేపర్ ఉంటుంది, దాన్ని చదివేవాళ్లు మాత్రం ఉండరు, ఎందుకంటే అది మన సబ్జెక్టు కాదని ముందే అనేసుకుంటాం. కానీ చదవచ్చు. డిగ్రీ దాకా సైన్సో, కామర్సో చదివిన ఎవరైనా ఒక సాయంత్రం కూర్చుంటే ఒక పేపర్‌లో ముఖ్యమైన సంగతి పట్టుకోగలరు. అంతా అర్థం కానక్కర్లేదు.

పట్టుకోవాల్సింది ఒకటే: వాళ్లు నిజంగా కొలిచింది ఏమిటి, కొలిచామని చెప్పుకుంటున్నది ఏమిటి, ఈ రెంటికీ మధ్య ఎంత దూరం ఉంది. ప్రతి పరిశోధనలోనూ ఈ దూరం ఉంటుంది, అది మోసం కాదు, పరిశోధన అంటేనే అంత. కాకపోతే క్యాన్సర్ బయాలజీలో ఆ దూరం ఒక చోట ఉంటుంది, మేనేజ్‌మెంట్‌లో ఇంకో చోట, అణువుల ఫిజిక్స్‌లో మరో చోట. ఎక్కడ చూడాలో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు పేపర్ సంపాదించండి. వార్త చదివి అభిప్రాయం ఏర్పరుచుకోవద్దు, ప్రెస్ నోట్ కూడా వద్దు. క్యాన్సర్, వైద్యం అయితే పబ్‌మెడ్ అనే ఉచిత వైద్య పేపర్ల డేటాబేస్‌లో టైటిల్ కొట్టి చూడండి, చాలావాటికి పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తి పేపర్ ఉచితంగా దొరుకుతుంది. ఫిజిక్స్ వాళ్లు 1991 నుంచీ ఆర్కైవ్ (arXiv) అనే ఉచిత సైట్‌లో తమ పేపర్లని ముందే పెట్టేస్తున్నారు కాబట్టి ఆ రంగంలో డబ్బు కట్టాల్సిన అవసరం దాదాపు రాదు. మేనేజ్‌మెంట్, ఎకనామిక్స్ పేపర్లకి, జర్నల్‌లో అచ్చు కాకముందే బయటపెట్టే వర్కింగ్ పేపర్ అనే రూపం ఉంటుంది, గూగుల్ స్కాలర్‌లో ఆ టైటిల్ కింద ఉన్న మిగతా వెర్షన్లు నొక్కితే తరచూ రచయిత సొంత పేజీలో దొరుకుతుంది. మీరు ప్రభుత్వ యూనివర్సిటీలోనో కాలేజీలోనో ఉంటే మీ లైబ్రేరియన్‌ని వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే ప్రభుత్వ పథకం గురించి అడగండి. 2025 జనవరి నుంచి దాని కింద దాదాపు 13,000 జర్నల్స్ తెరుచుకున్నాయి, మన దగ్గర ఆ సంగతి తెలియని విద్యార్థులు ఇంకా చాలామంది ఉన్నారని నాకు అనిపిస్తుంది. ఏదీ దొరక్కపోతే రచయితకి రెండు లైన్ల మెయిల్ రాయండి. చాలామంది సంతోషంగా పంపిస్తారు.

పేపర్ చేతికొచ్చాక మొదటి పేజీ నుంచి చివరిదాకా కథలా చదవకండి. టైటిల్, సారాంశం ఒకసారి చూసి, నేరుగా బొమ్మలకీ పట్టికలకీ వెళ్లండి. ప్రతి బొమ్మ కింద రాసింది చదివి, నిలువు గీత మీద ఏముందో, అడ్డ గీత మీద ఏముందో ఒక కాగితం మీద మీ మాటల్లో తెలుగులో రాసుకోండి. తర్వాత మెథడ్స్, అంటే పని ఎలా చేశారో చెప్పే భాగం. అక్కడే అసలు విషయం ఉంటుంది, చాలామంది దాన్నే దాటేస్తారు. ఆ తర్వాతే చర్చ భాగం. ఉపోద్ఘాతం చివర్లో చదివినా నష్టం లేదు.

క్యాన్సర్ పేపర్ అయితే మొట్టమొదటి ప్రశ్న, ఇది ఎవరి మీద చేశారు? గాజు గిన్నెలో పెరిగే కణాల మీదా, ఎలుకల మీదా, మనుషుల మీదా? టైటిల్‌లో ఇది తరచూ ఉండదు, మెథడ్స్‌లో తప్పకుండా ఉంటుంది. గిన్నెలో కణాలను చంపడం గొప్ప విషయం కాదు, మోతాదు పెంచితే ఉప్పు కూడా చంపుతుంది. అందుకే రెండో ప్రశ్న, అదే మోతాదు మామూలు కణాలకి కూడా ఇచ్చి చూశారా? ఇమాటినిబ్ అనే మందు కథలో ఇది బాగా కనిపిస్తుంది. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్‌లో బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రోటీన్ అదుపు తప్పి పనిచేస్తుంటుంది, దాన్ని అడ్డుకునే ఈ మందు మీద 1996లో వచ్చిన పేపర్‌లో రోగుల నుంచి తీసిన కణాల కాలనీలు 92 నుంచి 98 శాతం తగ్గాయి, అదే మోతాదులో మామూలు కణాల కాలనీలు తగ్గలేదు. ఆ రెండో సగమే ఆ పేపర్ విలువ. తర్వాత మనుషుల మీద చేసిన మొదటి దశ ట్రయల్ 2001లో అచ్చయింది, అందులో రోజుకి 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థాయికి వచ్చింది. అదే ఏడాది మే నెలలో అమెరికాలో అనుమతి వచ్చేసింది. ఫలితం నిజంగా పెద్దదైతే ఇలా ఉంటుంది. మీ ఆకు రసం పేపర్‌లో మామూలు కణాలతో పోల్చిన గడి లేకపోతే, ఆ రసం క్యాన్సర్‌ని చంపుతోందా లేక కనబడ్డ కణాన్నల్లా చంపుతోందా అనేది ఆ పేపర్‌కే తెలియదన్నమాట. మోతాదు కూడా చూడండి, గిన్నెలో వాడిన గాఢత మనిషి రక్తంలో సాధ్యమయ్యేదేనా అన్నది రచయితలు ఎక్కడైనా చర్చించారా అని.

మూడోది కొంచెం విచిత్రంగా అనిపిస్తుంది: ఆ కణాలు నిజంగా వాళ్లు చెప్పిన కణాలేనా? ఎండీఏ-ఎంబీ-435 అనే కణాలను ఏళ్ల తరబడి రొమ్ము క్యాన్సర్ కణాలుగా వాడారు, వాటి మీద బోలెడు పేపర్లు వచ్చాయి, చివరికి అవి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలని తేలింది. 1951లో హెన్రియెటా లాక్స్ అనే ఆవిడ కణితి నుంచి తీసిన హీలా కణాలు ఎంత చురుకుగా పెరుగుతాయంటే, వేరే గిన్నెల్లోకి చేరి అక్కడి కణాలను తోసేసి తామే నిండిపోయాయి, ఇలా జరుగుతోందని 1960ల్లోనే బయటపడింది. కాబట్టి పేపర్‌లో కణాల పేరు దొరకబుచ్చుకుని సెల్లోసారస్ అనే ఉచిత డేటాబేస్‌లో కొట్టండి, సమస్య ఉన్న కణాలైతే అక్కడ హెచ్చరిక ఉంటుంది. రెండు నిమిషాల పని.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పేపర్ ఒకటి చెప్తాను, మంచి పేపర్ ఎలా మాట్లాడుతుందో తెలియడానికి. 1948 జూన్‌లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్, ఆయన తోటివాళ్లు పిల్లల్లో వచ్చే అక్యూట్ లుకేమియా మీద రాసింది. వాళ్లు వాడిన అమినోప్టెరిన్ అనే మందు వచ్చింది లెడర్లీ ల్యాబ్ నుంచి, ఆ ల్యాబ్‌లో పరిశోధన నడిపిస్తున్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అప్పటిదాకా ఆ జబ్బుకి మందు అనేదే లేదు. 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో మెరుగుదల కనిపించింది. అంత పెద్ద వార్తకి వాళ్లు పెట్టిన టైటిల్‌లోనే తాత్కాలిక ఉపశమనాలు అని ఉంది. తాత్కాలికం, ఆ మాట టైటిల్‌లో పెట్టారు! లోపల, స్పందించని పిల్లలు ఆరుగురు, వాళ్లలో నలుగురు చనిపోయారని రాశారు, నోట్లో పుండ్లు లాంటి విష ప్రభావాలు రాశారు, ఈ జబ్బు నయమైందనే మాట వాడడానికి తగిన ఆధారం ఏదీ ఇందులో లేదని విడిగా మళ్లీ చెప్పారు. సుబ్బారావు గారు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ఆ పేపర్ చదివితే కళ్లు చెమర్చుతాయి, కానీ ఇక్కడ నేర్చుకోవాల్సింది ఆ తూకం. ఏదైనా క్యాన్సర్ పేపర్ తెరిచి, పనిచేయని వాళ్ల లెక్క, దుష్ప్రభావాల లెక్క ఎక్కడ ఉందో వెతకండి. ఆ రెండూ కనబడే చోట రాస్తే రచయితలను నమ్మడానికి అదొక మంచి కారణం.

ఇక ఒక్క పేపర్‌తో ఆగకండి. ప్రసిద్ధ క్యాన్సర్ పేపర్లలోని ప్రయోగాలను మళ్లీ చేసి చూద్దామని ఒక పెద్ద ప్రాజెక్టు పెట్టుకున్నారు, ఫలితాలు 2021 డిసెంబరులో వచ్చాయి. 53 పేపర్ల నుంచి 193 ప్రయోగాలు చేద్దామనుకుంటే చివరికి 23 పేపర్ల నుంచి 50 మాత్రమే చేయగలిగారు, ఎందుకంటే రచయితలను అడక్కుండా, కేవలం అచ్చయినది చదివి మళ్లీ చేయగలిగేలా వివరాలు రాసిన ప్రయోగం ఆ 193లో ఒక్కటీ లేదు. చేసినవాటిలో కూడా ప్రభావం అసలు పేపర్‌లో చెప్పినదానికంటే, మీడియన్ (వరసలో నడిమి విలువ) చూస్తే, 85 శాతం చిన్నదిగా వచ్చింది. దీనర్థం సైన్స్ అబద్ధమని కాదు, ఒక పేపర్ అంటే మొదటి అడుగు అని.

రిస్కు శాతాల దగ్గర కూడా ఒక క్షణం ఆగండి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, రోజూ 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ రిస్కు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. 18 శాతం అనగానే వందలో 18 మందికి వస్తుందని అనుకుంటాం. కాదు. ఒక చోట జీవితకాలంలో వందలో ఐదుగురికి వచ్చే జబ్బనుకుంటే, అది దాదాపు ఆరుగురికి చేరుతుందని అర్థం. ఎంత శాతం పెరిగింది అని చదివిన ప్రతిసారీ, ఎంత మీద పెరిగింది అని అడిగి ఆ మొదటి అంకె పేపర్‌లో వెతకండి.

ఆఫీసు పని మీద పరిశోధనలో ఎలుకల సమస్య లేదు, అక్కడ ఉన్నది ఎవరిని ఎవరితో పోల్చారు అనే సమస్య. ఇంటి నుంచి పని చేసేవాళ్లని, ఆఫీసుకి వచ్చేవాళ్లని ఊరికే పోలిస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే ఇల్లు కోరుకున్నవాళ్లు వేరు, ఆఫీసు కోరుకున్నవాళ్లు వేరు. లాటరీ వేసి విడదీశారా అన్నది చూడాలి. చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో చేసిన ప్రయోగం 2015లో అచ్చయింది, అందులో ముందుకొచ్చిన ఉద్యోగుల్లో అర్హులైన 249 మందిని పుట్టిన తేదీ సరి సంఖ్యా బేసి సంఖ్యా అన్నదాన్ని బట్టి రెండుగా చేశారు. తొమ్మిది నెలల్లో ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. ఇక్కడిదాకా అందరూ షేర్ చేస్తారు. పట్టిక చూస్తే ఆ 13లో 9 శాతం వచ్చింది బ్రేకులు, సిక్ లీవులు తగ్గి ఎక్కువ నిమిషాలు కూర్చోవడం వల్ల, నిమిషానికి ఎక్కువ కాల్స్ తీసుకోవడం వల్ల వచ్చింది 4 శాతమే. మెథడ్స్ చూస్తే వాళ్లకి ఇంట్లో సొంత గది ఉండాలి, బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి, వారంలో నాలుగు రోజులు ఇల్లు, ఒక రోజు ఆఫీసు. ఇంకా లోపలికి వెళ్తే, అంతే బాగా పని చేసినా ఇంట్లో ఉన్నవాళ్లకి ప్రమోషన్ అవకాశం తగ్గింది. ఇది మీ హెచ్‌ఆర్‌కి పనికొచ్చే వాక్యమా, మీకు పనికొచ్చే వాక్యమా అన్నది మీరే చూసుకోండి, కానీ అది పేపర్‌లో ఉంది, వార్తలో ఉండదు.

అదే ప్రశ్న మీద మన పక్కనే చెన్నైలో డేటా ఎంట్రీ పనికి మనుషులను తీసుకుని, లాటరీ వేసి ఇంటికీ ఆఫీసుకీ పంపిన పరిశోధన 2023లో వర్కింగ్ పేపర్‌గా వచ్చింది. అక్కడ ఇంటి నుంచి చేసినవాళ్ల ఉత్పాదకత 18 శాతం తక్కువ. ఇంకా ముఖ్యమైన సంగతి, ఇల్లే కావాలని కోరుకున్నవాళ్లు ఇంట్లో పెడితే ఇంకా ఎక్కువ నష్టపోయారు. రెండు పేపర్లలో ఒకటి తప్పా? కాదు. ఒకచోట ఆ కంపెనీలో కొన్నాళ్లుగా ఉంటూ, పని తెలిసి, సొంత గది ఉన్నవాళ్లు. ఇంకోచోట అప్పుడే చేరినవాళ్లు, ఇళ్లు వేరు, ఇంటి బాధ్యతలు వేరు. అందుకే మేనేజ్‌మెంట్ పేపర్‌లో నేను ముందు చూసేది మనుషుల వివరాలున్న మొదటి పట్టిక, వయసు, అనుభవం, ఎంతమంది ఆడవాళ్లు, ఎంత దూరం ప్రయాణం. ఆ పట్టికలో మీ టీమ్ కనిపించకపోతే ఆ ఫలితాన్ని మీ టీమ్‌కి అంటించకండి, ఎవరైనా అంటిస్తుంటే ఆ పట్టిక తెరిచి చూపించండి. ఉత్పాదకత అంటే వాళ్లు ఏం లెక్కపెట్టారో కూడా చూడండి. కాల్స్, కీబోర్డు నొక్కుళ్లు లెక్కపెట్టడం తేలిక, కోడ్ డిజైన్ చేసేవాళ్ల పనికి అలాంటి అంకె లేదు.

ఈ రంగంలో పాత కథలను కూడా తిరగేసి చూడాలి. ఎంబీఏ మొదటి సెమిస్టర్‌లో హాథార్న్ ఎఫెక్ట్ చెప్తారు కదా, చికాగో దగ్గర వెస్ట్రన్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా జరిగిన ప్రయోగాలు, దీపాల వెలుతురు పెంచినా తగ్గించినా ఉత్పత్తి పెరిగిందని, కారణం తమను ఎవరో గమనిస్తున్నారని కార్మికులకి తెలియడమేనని. పోయిందనుకున్న ఆ వెలుతురు డేటా దొరికాక ఇద్దరు ఆర్థికవేత్తలు మళ్లీ లెక్కలు వేసి 2011లో అచ్చేశారు. దీపాలు మార్చేది ఆదివారం సెలవు రోజున, పోల్చేది సోమవారం ఉత్పత్తిని. దీపాలు మార్చని వారాల్లో కూడా సోమవారం ఉత్పత్తి ఎక్కువే ఉంది. అంత పేరు పడ్డ ప్రభావానికి ఆ డేటాలో బలమైన ఆధారం మిగల్లేదు. కాబట్టి మార్పుకి ముందూ తర్వాతా పోల్చిన ఏ పేపర్‌లోనైనా, ఏ మార్పూ లేకుండా అదే రోజుల్లో అదే పని చేసిన ఇంకో గుంపు ఉందా అని చూడండి.

అణువుల ఫిజిక్స్ పేపర్ చూస్తే భయం వేసే మాట నిజం, మొదటి పేజీలోనే సమీకరణాలు. వాటిని మొదటిసారి దాటేయండి. ఇక్కడ అడగాల్సింది, గొట్టంలో ఉన్నది వాళ్లు అనుకుంటున్న పదార్థమేనా అని, లేదా అది కంప్యూటర్ లెక్క అయితే ఏ ఊహల మీద నడిచింది అని.

మొదటిదానికి పాలీవాటర్ కథ చాలు. 1960ల్లో సోవియట్ యూనియన్‌లో ఫెద్యాకిన్ అనే శాస్త్రవేత్త, తర్వాత మాస్కోలో దెర్యాగిన్, సన్నటి క్వార్ట్జ్ గొట్టాల్లో ఆవిరిని చల్లబరిస్తే కొత్త రకం నీళ్లు వస్తున్నాయని చెప్పారు. మామూలు నీళ్లకంటే చిక్కగా ఉంటాయి, సున్నా దగ్గర గడ్డకట్టవు, వంద దగ్గర మరగవు. 1969లో అమెరికాలో దాని ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రమ్ (ఆ పదార్థం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే గ్రాఫ్) తీసి, నీటి అణువులు గొలుసులా కలిశాయని ప్రఖ్యాత జర్నల్‌లో వేశారు. అప్పుడు బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రూసో అనే ఆయన హ్యాండ్‌బాల్ ఆడి, తన బట్టల్లోంచి చెమట పిండి, దాని స్పెక్ట్రమ్ తీశాడు. రెండూ ఒకేలా ఉన్నాయి. కొత్త నీళ్లు కాదు, మలినాలు కలిసిన నీళ్లు. 1973కల్లా దెర్యాగిన్ కూడా ఒప్పుకున్నారు. ఆ గొట్టాల్లో దొరికేది ఎంత కొంచెమో తలుచుకుంటే, కాస్త మలినం చేరినా కొలతంతా దానిదే అయిపోతుందని ఎవరికైనా తడుతుంది. అందుకని కొత్త పదార్థం, కొత్త ధర్మం అని చెప్పే పేపర్‌లో శుద్ధత ఎలా పరీక్షించారో చూడండి, ఎంత పదార్థం తయారైందో చూడండి, ఇంకో ల్యాబ్ స్వతంత్రంగా తయారు చేసిందా చూడండి.

సిమ్యులేషన్ పేపర్లయితే ఇలా. అణువుల కదలికను కంప్యూటర్‌లో లెక్కించేటప్పుడు ఒక్కో అడుగు ఒకటి రెండు ఫెమ్టోసెకన్లు ఉంటుంది, ఫెమ్టోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు తీసుకుని దాన్ని మళ్లీ వెయ్యి ముక్కలు చేస్తే వచ్చేది. రెండు ఫెమ్టోసెకన్ల అడుగుతో ఒక్క మైక్రోసెకను చూడాలంటే 50 కోట్ల అడుగులు వేయాలి. ఒక మందు ప్రోటీన్‌ని పట్టుకుని కూర్చునేది నిమిషాలు, గంటలు కూడా కావచ్చు. కాబట్టి మెథడ్స్‌లో మొత్తం ఎంతసేపు నడిపారు, ఎన్నిసార్లు నడిపారు అన్న రెండు అంకెలు వెతకండి. ఒక్కసారే నడిపితే అది ఒక ఉదాహరణ, ఫలితం కాదు. తర్వాత నీటిని ఎలా చూపించారో చూడండి, టిప్3పీ అనే నమూనా చాలా పేపర్లలో కనిపిస్తుంది, దాంట్లో నీటి అణువులు అసలు నీటిలోకంటే రెట్టింపు కంటే వేగంగా వ్యాపిస్తాయి. అది తెలిసినా వాడతారు, వేరే విషయాల్లో అది బాగానే పనిచేస్తుంది కాబట్టి. కానీ పేపర్ చెప్పేది వేగాల గురించి అయితే ఈ సంగతి చర్చించారా లేదా అన్నది పెద్ద ప్రశ్న.

మంచి ఉదాహరణ కూడా ఉంది. 2011లో వచ్చిన ఒక పేపర్‌లో దసాటినిబ్ అనే లుకేమియా మందు అణువుని సార్క్ (Src) అనే ప్రోటీన్ చుట్టూ నీళ్లలో వదిలేశారు, ఎక్కడికి వెళ్లాలో చెప్పలేదు. అది తిరిగి తిరిగి సరైన గూట్లోనే కూర్చుంది, ఆ భంగిమ స్ఫటికం నుంచి ఎక్స్‌రేతో తెలిసిన నిర్మాణంతో సరిపోయింది. నమ్మకం కలిగించింది సిమ్యులేషన్ కాదు, దానికి బయట ఉన్న ఎక్స్‌రే. కంప్యూటర్ పేపర్‌లో ప్రయోగంతో పోల్చిన బొమ్మ ఎన్నోదో చూసుకోండి, లేకపోతే దాన్ని ఒక ఊహగా పక్కన పెట్టుకోండి. ఇది క్యాన్సర్ పేపర్ అని కూడా షేర్ అవుతుంది, కానీ ఇందులో రోగులు లేరు, కణాలు కూడా లేవు, ఒక ప్రోటీన్, ఒక అణువు, చుట్టూ నీళ్లు.

చదవడం అయ్యాక ఒక చిన్న పని తప్పకుండా చేయండి. టైటిల్‌ని పబ్‌పీర్‌లో, రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో కొట్టి చూడండి, పేపర్ వెనక్కి తీసుకున్నారా, ఎవరైనా బొమ్మల మీద అభ్యంతరం పెట్టారా తెలుస్తుంది. మనుషుల మీద ట్రయల్ అయితే, ట్రయల్స్‌ని నమోదు చేసే రిజిస్ట్రీలో ముందు ఏం కొలుస్తామని రాశారో, చివరికి దేన్ని గొప్పగా చెప్పారో పోల్చండి. మన దేశంలో ట్రయల్స్‌కి 2009 జూన్ నుంచి సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా)లో నమోదు తప్పనిసరి, అది ఎవరైనా ఉచితంగా చూడచ్చు. ఏఐతో సారాంశం రాయించుకుంటే తప్పేం లేదు, కానీ అది చెప్పిన ప్రతి అంకెనూ పేపర్‌లో ఏ పట్టికలో ఉందో వేలు పెట్టి చూసుకున్నాకే వాడండి.

ఇంట్లో ఎవరికైనా జబ్బు ఉండి చదువుతుంటే, చదివింది చూసి మందు మార్చడం, ఆపడం చేయకండి. ఒక కాగితం మీద పేపర్ టైటిల్, ఎవరి మీద చేశారు, ఎంతమంది, ఏం కొలిచారు, అందులో ఉన్నవాళ్ల జబ్బు దశ ఏమిటి అని ఐదు లైన్లు రాసుకుని ఆంకాలజిస్టుని, డాక్టర్ గారూ, ఇది మా అమ్మ కేసుకి వర్తిస్తుందా అని అడగండి. ఓపీలో మీకు దొరికేది కొద్ది నిమిషాలే, ఆ ఐదు లైన్లూ చేతిలో ఉంటే ఆ కాస్త టైమూ వివరణలకి కాకుండా జవాబుకి దక్కుతుంది.